పాడి ఉన్న ఇంట్లో పాలు పడని పిల్లాడు

నేను డెయిరీ ల్యాబ్‌లో పనిచేశానని తెలియగానే ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలు అడిగేది ఒకటే. "మేడం, యూరియా కలిపిన పాల ట్యాంకరు ఎప్పుడైనా పట్టుకున్నారా?" పట్టుకున్నాం. ఆ కథలు చెబితే క్లాసు సరదాగా గడిచిపోతుంది. కానీ రేపు మీరూ ఏదో ఒక ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకుని నిలబడేవాళ్లే. అందుకని, ఆ ఉద్యోగంలో నన్ను నిజంగా భయపెట్టిన కేసు గురించి రాస్తున్నాను. అందులో దొంగ లేడు. ఇల్లు మాది, గేదెలు మావి, పిల్లాడు మావాడు. వాడు పడుకున్నాకే నాకు రాసుకోవడం కుదురుతుంది కాబట్టి మాటలు అక్కడక్కడా కాస్త తడబడితే సర్దుకోండి.

మా అత్తవారిది కంకిపాడు దాటాక కాలవ పక్కన ఒక ఊరు. మావయ్యకు వ్యవసాయం కంటే పాడి మీద ప్రేమ ఎక్కువ. ఆయన ఉదయం, సాయంత్రం పాల కేంద్రంలో పోసే పాలు ట్యాంకరెక్కి విజయవాడ దగ్గరున్న మా ప్లాంటుకే వచ్చేవి. పెళ్లయిన కొత్తలో అది ఇంట్లో పెద్ద నవ్వులాట. "ఏమ్మాయ్, ఈ వారం నా పాలకు వెన్న శాతం తగ్గించి రాశారంట. ల్యాబులో మన మనిషి ఉండి కూడా ఇదేం అన్యాయం?" అనేవారు. "ల్యాబుకు మామలు, కోడళ్లు తెలియరు మావయ్యా" అనేదాన్ని. ఆయన ఆ మాటను కేంద్రం దగ్గర పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవారు.

మా వారికి పామర్రులో ఎరువుల కొట్టు. పొద్దున వెళితే రాత్రికే ఇంటికి రావడం. నేను బస్సులో ప్లాంటుకు వెళ్లి వచ్చేదాన్ని. బాబు పుట్టాక వాడిని అత్తయ్యకు అప్పగించి మళ్లీ డ్యూటీలో చేరాను. నా ఉద్యోగం అత్తయ్య చేతుల మీదే నడిచింది. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

వాడికి అన్నం పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో ఒక మధ్యాహ్నం అత్తయ్య పెరుగన్నం మెత్తగా పిసికి ఒక ముద్ద నోట్లో పెట్టారు. మా ఇంట్లో అదొక ముచ్చట. గడ్డ పెరుగు, ఇంటి గేదె పాలది. రెండో ముద్ద కలిపేలోపు వాడి పెదాలు ఉబ్బాయి. మెడ మీద, పొట్ట మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. తిన్నదంతా కక్కేశాడు. కళ్లు సరిగా తెరవలేకపోయాడు. విజయవాడలో మేం చూపించిన పిల్లల డాక్టరమ్మ పరీక్షలు చేయించి, పాలలో ఉండే మాంసకృత్తులు వాడి ఒంటికి పడవని చెప్పింది.

"పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, జున్ను. ఆవుదైనా గేదెదైనా మేకదైనా ఒకటే. ఏదీ వద్దు."

"నెయ్యి కూడానా అండీ?" అన్నారు అత్తయ్య. "నెయ్యి పాలు కాదు కదండీ."

"మీ ఇంట్లో నెయ్యి దేన్నించి వస్తుందమ్మా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పింది. దద్దుర్ల వరకైతే సిరప్ వేసి చూడండి. గొంతు బొంగురుపోయినా, దగ్గు ఆగకపోయినా, ఊపిరి తీస్తుంటే కూతలాగా వినిపించినా, సిరప్ వేసి చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, అక్కడ తొడకు చేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఒకసారి చిన్నగా వచ్చింది కదా, రెండోసారీ చిన్నగానే వస్తుందనుకోవద్దు.

ఆ చివరి మాట పట్టుకునే నేను తర్వాతి రోజులన్నీ బతికాను.

ఇంటికి రాగానే వంట మార్చడం మొదలుపెట్టాం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. పాడి ఉన్న ఇంట్లో చేసి చూడండి! మా వాళ్లకు మొదటి ముద్ద నెయ్యితో, చివరి ముద్ద పెరుగుతో. మధ్యలో ఏం తిన్నా ఆ రెండూ లేకపోతే అది భోజనం కాదు. బాబు కోసం పెసరపప్పులో నువ్వులనూనె వేశాం. రాగి జావ నీళ్లతో కాచి బెల్లం కలిపాం. కొబ్బరిపాలతో సేమ్యా చేశాం. నేను వాడికి చనుబాలు ఇస్తున్నాను కాబట్టి నాకూ అదే తిండి. కాఫీ మానేశాను. డెయిరీలో పనిచేస్తూ కొబ్బరిపాల డబ్బా పట్టుకెళ్లేదాన్ని. మా ల్యాబ్‌లోనే పనిచేసే ఒకమ్మాయిది బందరు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. చేపల వ్యాపారం చేసే కుటుంబం. "అక్కా, మీ రైతులకి పాలు లేకపోతే ప్రాణం పోద్ది. మా ఇంట్లో పాలంటే టీకే. మేమందరం బతకలేదా ఏంటి?" అని నవ్వి, ముళ్లు లేని చేపలతో పిల్లలకు పులుసు ఎలా పెట్టాలో చెప్పింది. బాబుకు ఆ పులుసు తెగ నచ్చింది.

కష్టమంతా మావయ్యతో వచ్చింది. పొద్దున టీ తాగి ఆ మీసంతోనే మనవణ్ణి ముద్దు పెట్టుకునేవారు. మీసం తగిలినంత మేరా బుగ్గ మీద ఎర్రటి మచ్చ తేలింది. చూసి ఆయనే భయపడిపోయారు. అప్పటినుంచి పాలు పితికాక, టీ తాగాక మొహం కడుక్కోకుండా వాణ్ణి ఎత్తుకోలేదు. ఇంట్లో పెరుగు గిన్నె ఉండకూడదని నేనంటే, ఆయన తన పెరుగన్నం కంచం గేదెల పాకలోకి మార్చేసుకున్నారు. "ఇప్పుడు నేనూ వాటి పక్కనే తింటున్నా. ఇంకెన్నాళ్లకి నా మెళ్లో కూడా పలుపు వేస్తారో" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ, ఆయన భోజనం సగమైపోయిందని అత్తయ్యకు బాధ. పాకలో తినేది నాలుగు మెతుకులే. ఇంట్లో తినే పప్పన్నంలోకి నెయ్యి లేదు, వెనకాల పెరుగు లేదు. అందుకని ఆయన కంచంలోకి రోజూ నాలుగు ఊరమిరపకాయలు వేయించడం మొదలుపెట్టారు. ముందు ఎప్పుడో పండక్కో, వానపడ్డ రోజునో వేయించేవారు. ఇప్పుడు రోజూ.

బాబుకు ఏడాది దాటింది. కొన్నాళ్లు హాయిగా గడిచాయి. తర్వాత మళ్లీ దద్దుర్లు మొదలయ్యాయి.

రోజూ కాదు. ఒకరోజు అన్నం తిన్నాక మూతి చుట్టూ నాలుగు. రెండు రోజులు ఏమీ లేదు. తర్వాత చెవుల వెనక, మోచేతుల దగ్గర. సిరప్ వేస్తే గంటలో తగ్గిపోయేవి. తగ్గడం నాకు ధైర్యం ఇవ్వలేదు. ఎక్కడినుంచి వస్తుందో తెలియనిది ఎప్పుడు పెద్దదవుతుందో కూడా తెలియదు. ల్యాబ్‌లో పాల శాంపిలు పట్టుకుని ఉన్నప్పుడు ఫోను మోగితే సీసా అక్కడే పెట్టేసి ముందు ఫోను తీసేదాన్ని.

ఇంట్లో ఎవరి అనుమానం వాళ్లకుంది. మా వారు నన్ను అనుమానించారు. నన్నంటే నన్ను కాదు, నా బట్టల్ని. "రోజంతా పాల మధ్య ఉంటావు. జుట్టుకు, చేతులకు ఏదో ఒకటి అంటుకుని వస్తుంది. వాడు పరుగెత్తుకొచ్చి నీ మెడ పట్టుకుంటాడు." ఆయన మాటలో అర్థం లేకపోలేదు. అప్పటినుంచి ప్లాంటులోనే తలస్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని బస్సెక్కేదాన్ని. అయినా ఇంటికి వచ్చాక మళ్లీ స్నానం చేసేదాకా వాణ్ణి దగ్గరకు రానిచ్చేదాన్ని కాదు. వాడు గుమ్మం దగ్గర చేతులు చాపి ఏడుస్తుంటే, నేను పెరటి దారిన దొంగలా బాత్రూంలోకి వెళ్లేదాన్ని.

నాకు అనుమానం అత్తయ్య మీద. పైకి అనలేదు. కానీ నేను లేనప్పుడు, పిల్లాడు నీరసంగా ఉన్నాడని ఒక్క చుక్క నెయ్యి వేసి ఉంటారేమో అని లోపల తొలిచేది. ఒకసారి మెల్లగా అన్నాను. "అత్తయ్యా, పొరపాటున..."

"పొరపాటున ఏంటమ్మాయ్?" అన్నారు ఆవిడ గబుక్కున తిరిగి. "వాడికి విషమని తెలిసి నేను పెడతానా? తాలింపు కూడా నీకు చూపించి వెయ్యాలా?"

తర్వాత రెండు రోజులు మా ఇద్దరి మధ్యా గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు.

మా ల్యాబ్ ఇన్‌చార్జి పెద్దాయన. మాట కరుకు, మనసు కాదు. ఉద్యోగం మానేస్తానని ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఎందుకు?"

"నా బట్టల వల్లేమోనని సార్."

"ఏమోనా? ఏమో అని ప్యాకింగ్ లైను ఆపేస్తామా మనం?" అని కసురుకున్నారు. "సెలవు పెట్టు. పదిహేను రోజులు డెయిరీ గేటు తొక్కకు. ఇంట్లో ఉండు. అప్పుడు కూడా దద్దుర్లు వస్తే నీ బట్టలు కాదని తేలుతుంది. రాకపోతే అప్పుడు రాజీనామా పట్టుకురా, నేనే సంతకం పెట్టిస్తా."

సెలవు పెట్టాను. నిజం చెప్పాలంటే బట్టల సంగతి తేల్చుకోవడంతో పాటు వంటింటి మీద ఒక కన్ను వేయడానికి కూడా. అత్తయ్యకు అది తెలుసు. పొయ్యి దగ్గర పీట వేసి నన్ను కూర్చోబెట్టి, ప్రతి గిన్నె నా ముందే కడిగి ఎక్కించేవారు. "చూసుకో అమ్మాయ్. బాగా చూసుకో" అనేవారు. ఆ 'బాగా' అనే మాట నాకు గుచ్చుకునేది. అయినా చూశాను.

మొదటి వారం ఏమీ జరగలేదు. మా వారు నా వైపు చూసేవారు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. రాజీనామా ఎలా రాయాలో కూడా మనసులో అనుకుని పెట్టుకున్నాను.

ఆ తర్వాతి వారంలో ఒకరోజు ముసురు పట్టింది. మధ్యాహ్నం వంటకు నూనె ప్యాకెట్లు అయిపోయాయి. "ఈ వానలో కొట్టుకెవరు వెళ్తారు, ఉన్నది సరిపోద్దిలే" అన్నారు అత్తయ్య. బాబుకు బియ్యప్పిండి వడియాలంటే ఇష్టం. పప్పన్నంలో నలిపి పెడితే ఇంకో ముద్ద ఎక్కువ తింటాడు. ఆ వడియాలు కూడా ఆ వేసవిలో మజ్జిగ చుక్క తగలకుండా, నీళ్లతో కాచి, నా కళ్ల ముందే పెట్టారు. అత్తయ్య మూకుడు పెట్టి నూనె పోసి ముందు వడియాలు వేయించారు. పిల్లాడివి తీసి పక్కన పెట్టాక, మావయ్యకు మిరపకాయలు వేయించారు. ఘాటు అంటకూడదని ఎప్పుడూ ఆవిడ క్రమం అదే. నేను పీట మీద కూర్చుని మొత్తం చూశాను.

వాడు బాగా తిన్నాడు. వడియం చేత్తో పట్టుకుని కరకరమని కొరికాడు. మూతి కడిగి దింపాను. రెండడుగులు వేసి ఆగి దగ్గాడు. పొలమారిందనుకున్నాను. మళ్లీ దగ్గాడు. ఈసారి దగ్గు ఆగలేదు. చొక్కా ఎత్తి చూస్తే పొట్టంతా ఎర్రగా కలిసిపోయింది. "అమ్మా" అన్నాడు. ఆ గొంతు వాడిది కాదు. ముసలివాడి గొంతులా బొంగురుగా ఉంది.

"మావయ్యా, బండి!" అని అరిచాను. ఇంకేం అన్నానో గుర్తు లేదు.

వానలో కాలవ గట్టు మీద బురద. మావయ్య బండి నడుపుతున్నారు, నేను వెనక వాణ్ణి గుండెకు అదుముకుని, వాడి మీద ఆయన కండువా కప్పి కూర్చున్నాను. ఎత్తు మీద బండి పక్కకు జారింది. ఆయన కాలు నేలకు తన్నిపెట్టి నిలబెట్టారు. "ఏడుస్తున్నాడా?" అని అరిచారు వెనక్కి తిరగకుండా.

"లేదు మావయ్యా."

"ఏడిపించు! నిద్రపోనియ్యకు!"

కంకిపాడులో మొదట కనిపించిన ఆస్పత్రిలోకి తీసుకెళ్లాం. డ్యూటీలో కుర్ర డాక్టరు ఉన్నాడు. డాక్టరమ్మ చెప్పిన మాటలు నా నోట్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. "పాలు పడవు, దద్దుర్లు, గొంతు బొంగురుపోయింది, దగ్గు, ఊపిరి కష్టం" అని ఒక్క ఊపిరిలో చెప్పాను. అతను ఇంకేం అడగలేదు. తొడకు ఇంజెక్షన్ చేశాడు, ఆక్సిజన్ పెట్టాడు. ఆ తర్వాతి నిమిషాలు నేను మాటల్లో చెప్పలేను. కొంతసేపటికి వాడి దగ్గు విడివిడిగా అయింది. పెదాలకు మళ్లీ రంగు వచ్చింది. నర్సు జుట్టు పట్టుకుని లాగాడు. ఆమె నవ్వింది. అప్పుడు నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

మళ్లీ రావచ్చు, రాత్రంతా ఇక్కడే ఉంచి చూడాలన్నారు. మా వారు పామర్రు నుంచి తడిసి ముద్దయి వచ్చారు. మంచం పక్కన నిలబడి వాడి పాదం పట్టుకుని "బట్టలు కాదన్నమాట" అన్నారు. అంతే. నా బట్టలు కాదు, అత్తయ్య చేయి కూడా కాదు. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క చుక్క పడలేదు. మరి పాలు ఎక్కడినుంచి వచ్చాయి?

అప్పుడు మా ఇన్‌చార్జి గారు గుర్తొచ్చారు. ఒకసారి మామూలు పాల ప్యాకెట్లు పసుపుగా ఉన్నాయని, ఏదో రుచి వస్తోందని ఫిర్యాదు వచ్చింది. మేమంతా ఆ ప్యాకెట్లను పట్టుకుని పరీక్షలు చేస్తుంటే ఆయన విసుక్కున్నారు. "ప్యాకెట్టునేం అడుగుతారు, అది చెబుతుందా? దానికి ముందు ఆ గొట్టంలో ఏం పారిందో అడగండి." ముందు రోజు అదే లైనులో బాదం పాలు నడిచాయి. ఒక జాయింటులో రబ్బరు వెనక మిగిలిన కాస్త, మరుసటి రోజు మామూలు పాలలోకి దిగింది. రబ్బరు తీస్తే తప్ప కనిపించలేదు.

నేను అన్నం చూశాను, పప్పు చూశాను, వడియాలు చూశాను. మూకుడులో ఏం వేశారో చూశాను. మూకుడులో పోసిన నూనెను మాత్రం చూడలేదు.

మా ఇంట్లో కాగిన నూనెను పారబొయ్యరు. ఏ రైతు ఇంట్లో పారబోస్తారు గనుక! చల్లారాక వడకట్టి స్టీలు గిన్నెలో పోసి మూత పెడతారు. మర్నాడు దాని మీదే కొత్త నూనె పోసి వాడతారు. ఈ రోజు వడియాలు ముందు వేగాయి, నిజమే. కానీ ఆ నూనె నిన్నటి మిరపకాయలు వేగిన నూనె. ఊరమిరపకాయలంటే ఉప్పేసిన మజ్జిగలో రోజులకు రోజులు ఊరబెట్టి, ఎండలో ఎండబెట్టినవి. గాటు పెట్టిన కాయ పొట్టలో మజ్జిగ గడ్డకట్టి ఉంటుంది. అది నూనెలోకి దిగుతుంది. కొత్త నూనె ఎక్కువ పడ్డ రోజు పిల్లాడికి నాలుగు దద్దుర్లు, లేదా అవి కూడా లేవు. ఇవాళ వాన. కొత్త నూనె లేదు. అంతా పాతదే.

పెరుగు ఇంట్లోంచి వెళ్లిపోయాకే మిరపకాయలు రోజూ అయ్యాయి. మేం వాడి కోసం చేసిన మార్పే మరో దారి తెరిచింది.

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మిరపకాయల సంగతి నేనూ అడగలేదమ్మా" అంది ఆవిడ. "అలా అయ్యే అవకాశం ఉంది. అందరికీ రాదు. మీవాడికి కొంచెం కూడా ఎక్కువే. వాడి మూకుడు, నూనె, గరిటె పూర్తిగా వేరు చెయ్యండి."

మర్నాడు బాబుతో ఇంటికి వచ్చేసరికి అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాడు "నానమ్మా" అని చేతులు చాపితే తీసుకోలేదు. ముందు బావి దగ్గరికి వెళ్లి చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని వచ్చారు. అప్పుడు కూడా ఎత్తుకోకుండా పక్కన నిలబడ్డారు.

నేను చెప్పాను. నూనె గురించి, మిరపకాయల గురించి. ఎవరి తప్పూ కాదని, నేను పక్కనే కూర్చుని కూడా కనిపెట్టలేకపోయానని. ఆవిడ అంతా విని లోపలికి వెళ్లి ఆ నూనె గిన్నె పట్టుకొచ్చి పెరట్లో వంచేశారు. మిరపకాయల డబ్బా కూడా. మావయ్య అరుగు మీద నుంచి చూస్తున్నారు.

"ఇక నేను వాడికి వండను" అన్నారు అత్తయ్య. "నాకు తెలియదమ్మాయ్. ఎక్కడ ఏముంటుందో నాకు తెలియదు. మా అమ్మ చేసినట్టే చేశాను. నా చేత్తో పెట్టిందే వాడికి..."

"అత్తయ్యా..."

"నువ్వే వండు. నువ్వే పెట్టు. చదువుకున్నదానివి."

ఆవిడ కోపంతో అంటే బాగుండేది. భయంతో అన్నారు. నాకు సెలవు అయిపోవస్తోంది. ఆవిడ పెట్టకపోతే వాడికి పెట్టేవాళ్లు లేరు. అంతకంటే, వాడికి ఆవిడ చేయే కావాలి. తర్వాతి రెండు రోజులూ నేను ముద్ద పెడితే మొహం పక్కకు తిప్పుకుని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ నానమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేవారు.

మావారి చేత కొత్త మూకుడు, గరిటె, చిన్న గిన్నెలు తెప్పించాను. వాడి సామాను పెట్టుకోవడానికి వంటింట్లో ఒక అర ఖాళీ చేశాను. ఎవరి చెయ్యీ పడకూడదని కాదు, ఎవరి చెయ్యి పడ్డా భయం లేకుండా. మావయ్య తనంతట తానే ఆ అరకు ఎర్ర రంగు వేశారు. "బడ్డీకొట్టులా ఉంది" అన్నారు మా వారు. "నోరు ముయ్యరా" అన్నారు అత్తయ్య. ఆస్పత్రి తర్వాత ఆవిడ గట్టిగా అన్న మొదటి మాట అదే.

డ్యూటీకి వెళ్లే ముందు రోజు కొత్త మూకుడు పొయ్యి మీద పెట్టి, కొత్త ప్యాకెట్టు కత్తిరించి, గరిటె ఆవిడ చేతికిచ్చాను.

"వద్దమ్మాయ్."

"ఇందులో ఇంతకు ముందు ఏదీ వేగలేదత్తయ్యా. మీరు వేయించేదే మొదటిది."

చాలాసేపు గరిటె వైపు చూశారు. తర్వాత వడియాలు వేశారు. వాడు ఆవిడ చేతి ముద్ద తిన్నాడు. మావయ్యా, అత్తయ్యా, నేనూ వాడి బుగ్గలు చూస్తూ కూర్చున్నాం. వాడు మా మొహాలు చూసి నవ్వాడు, ఏదో ఆట అనుకున్నాడు కాబోలు. ఏమీ కాలేదు. అయినా ఆవిడ మొహంలో భయం పోలేదు. నాకూ పోలేదు. పోయిందని మీకు చెబితే అది అబద్ధం. ఒక రోజు ఏమీ కాకపోవడం దేన్నీ రుజువు చెయ్యదని నాకు ల్యాబే నేర్పింది.

మర్నాడు పొద్దున బయలుదేరుతుంటే అత్తయ్య అడిగారు. "నిజంగా వెళ్తున్నావా?"

"వెళ్తున్నానత్తయ్యా."

"నేను పెట్టాలా వాడికి?"

"మీరే పెట్టాలి."

బస్సులో కూర్చున్నాక దిగిపోదామని ఎన్నిసార్లు అనిపించిందో చెప్పను. పెనమలూరు దాటేదాకా ఫోను చేతిలోనే ఉంది. ఫోన్ చేసి ఏం పెట్టారు, ఏ మూకుడులో, అని అడగాలని నాలుక దాకా వచ్చింది. అడిగితే ఆవిడ మళ్లీ గరిటె పట్టుకోరని తెలుసు. అడగలేదు. ఆ ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే, ఆ ఫోన్ చెయ్యకపోవడం.

ల్యాబ్‌లో బందరు అమ్మాయి నన్ను చూసి "అక్కా, కూర్చో ముందు" అంది. ఇన్‌చార్జి గారు నా మొహం చూసి, ప్యాకింగ్ హాలులో మెషీన్లు కడిగాక లోపల పాత పాలు మిగిలాయేమో చూసే పరీక్ష నన్నే చెయ్యమన్నారు. పని ఉంటే బాగుంటుందని ఆయన ఉద్దేశం. మధ్యాహ్నం దాటింది. మెషీన్ల మధ్య నిలబడి ఉండగా ఫోను మోగింది. అత్తయ్య.

"అత్తయ్యా?" అని అరిచాను.

"ఏం లేదమ్మాయ్, కంగారుపడకు. తిన్నాడు. పడుకున్నాడు. నేను పక్కనే కూర్చున్నా." ఆవిడ కూడా అరుస్తూనే ఉన్నారు, ఇటు చప్పుడు అటు వినిపిస్తోంది కాబోలు. "బాగానే ఉన్నాడు. నీకు నమ్మకం ఉండదులే. ఉండు, ఫోను వాడి ముక్కు దగ్గర పెడతా. ఊపిరి విను."

ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని రెండో చెవి మూసుకున్నాను. నా చుట్టూ హోమోజినైజరు హోరు, ప్యాకెట్లు కత్తిరించే కత్తి టకటక, నేల మీద నీళ్ల పైపు చప్పుడు. అటునుంచి ఏమీ వినిపించలేదు. ఒక్క చిన్న శబ్దం కూడా.

"వినిపించిందా?" అన్నారు అత్తయ్య.

"వినిపించిందత్తయ్యా" అన్నాను. ఫోను పెట్టేసి, తర్వాతి మెషీను దగ్గరికి వెళ్లాను.